ఆరో వంతు కాలు

నమోదు 1

దేవక్క మాట తీసేయలేక ఈ రాత మొదలుపెట్టాను. మా యూనియన్‌లో దెబ్బ తగిలినవాళ్ళ సంగతులు చూసేది ఆవిడే. నిన్న వచ్చి మంచం అంచున కూర్చుని, "ఓదమ్మా, కంపెనీ పరిహారం బేరానికి వచ్చేదాంక ఏం జేసినవో, ఏడ నొచ్చిందో పలక మీద రాసి పెట్టు. అబద్ధం రాయకు. గొప్పలు అసలే రాయకు" అని చెప్పింది. అబద్ధం సంగతి సరే గాని, రెండోది నాకు కష్టం.

ముందు కాలు సంగతి. కుడి తుంటి, తొడ ఎముక రెండూ విరిగాయి. లోపల కడ్డీ వేసి బిగించారు. రెండు నెలలు మంచం మీద ఉన్నాను. ఇప్పుడు చేతికర్రతో గదిలో తిరుగుతున్నాను. పొద్దున కూర తరిగాను, కూర్చునే.

ఎలా విరిగిందో చెప్పుకుంటే నలుగురూ నవ్వుతారు. చంద్రుడి మీద ఏ వస్తువైనా భూమి మీద తూగినదాంట్లో ఆరో వంతే తూగుతుంది. ఎత్తితే పూచికపుల్లలా లేస్తుంది. కానీ కదిలే వస్తువును ఆపాలంటే దాని మొండితనం కింద ఎంతో పైనా అంతే. "ఈడ తూకం తగ్గింది గాని పొగరు తగ్గలేదు" అని కొత్తగా వచ్చిన ప్రతివాడికీ మొదటి రోజు నేనే చెప్పేదాన్ని. ఆ రోజు మంచు నింపిన టబ్బు పట్టాల మీద పెళ్ళికూతురిలా నింపాదిగా జారి వస్తోంది. నింపాదిగా వచ్చేదంటే అందరికీ లోకువే. కాలు అడ్డం పెట్టాను. టబ్బు ఆగింది, నన్ను గోడకు అదిమిన తరువాత.

మా తాతలు గోదావరి ఒడ్డున బొగ్గుబాయిలు దిగినవాళ్ళు. మేము ఇక్కడ, చంద్రుడి దక్షిణపు కొసన, ఎన్నడూ ఎండ పడని గుంటల్లో మంచు తవ్వుతాం. బొగ్గు పోయి మంచు వచ్చింది గాని మాటలు మారలేదు. మాకు గని అంటే బాయే, తోపుడు బండి అంటే టబ్బే.

ఇక అసలు సంగతి. మా ఒక్కగానొక్క బిడ్డ రవళికి మూడో నెల. అది కూడా ఇక్కడే, నీళ్ళు వడకట్టే చోట పని చేస్తుంది. చంద్రుడి మీద కాన్పు కానివ్వరు. ఈ తేలిక బరువులో కడుపులో బిడ్డకు ఎముకలు సరిగా కట్టవట. అయిదో నెల దాటకముందే తల్లిని భూమికి దించుతారు. తొలి పురుడు తల్లిగారిది. మా అమ్మ నాకు చేసింది, మా అమ్మమ్మ మా అమ్మకు చేసింది. రవళితో పాటు నేను దిగాలి. దిగాలంటే కాలు ఒప్పుకోవాలి. నా దిగులంతా ఈ ఒక్క ముక్కే. మిగతాదంతా బాగానే ఉంది. మా ఆయన రాజేశం వంట నేర్చుకుంటున్నాడు. ఉప్పు కూడా నేర్చుకుంటే ఇంకా బాగుంటుంది.

నమోదు 4

రేపు కంపెనీ నుంచి కొలతల ఆఫీసరు వస్తున్నాడని కబురు. దెబ్బ తగిలినవాళ్ళ ఇంటికి వచ్చి, ఏ అవయవం ఎంత చెడిందో కొలిచి రాస్తాడు. ఆ కొలతను బట్టే పరిహారం. దేవక్క పలక తెర మీద కనిపించి మళ్ళీ హెచ్చరించింది. "మంచం దిగకు. అడిగినదానికే జవాబు చెప్పు. నొస్తే నొస్తుందను."

సరే అన్నాను. కానీ ఇంటికి కొత్త మనిషి వచ్చి ఎన్నాళ్ళయింది. ఈ సొరంగాల్లో చూసిన మొహాలనే చూసుకుంటూ బతుకుతాం. పక్క గది వాళ్ళు తుమ్మినా ఎవరు తుమ్మారో చెప్పేస్తాను. భూమి నుంచి తెప్పించుకుని దాచిన బియ్యప్పిండి బయటికి తీయించాను. మా ఆయన దీపాల కింద తొట్లలో పెంచే ఉల్లికాడలు కోసుకొచ్చాడు.

"ఆయన కాలు చూడనీకి వస్తుండా, పిండి తిననీకి వస్తుండా?" అని అడిగాడు.

"రెండూ జేస్తడు" అన్నాను.

నమోదు 5

ఆఫీసరు పేరు ఫణీంద్ర. ముప్పై అయిదేళ్ళుంటాయి. సముద్రం ఒడ్డు మనిషి, మాట మెత్తన. తలుపు దగ్గర గోడకు మిడతంత యంత్రాన్ని అంటించాడు. మనిషి నడకను అదే చూసి రాసుకుంటుందట. నేను లేవబోతే, "పడుకోండమ్మా, మీరు లేవకండి" అన్నాడు.

"మీరు కూసోండ్రి సారూ. ఇంత దూరం పడి వచ్చిండ్రు" అని లేచేశాను. ఇంటికొచ్చిన మనిషి నిలబడి ఉంటే పడుకుని ఎట్లా మాట్లాడతాను?

"నొప్పి ఉందా అమ్మా?"

"మంచిగనే ఉన్నది సారూ."

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

"ఎందుకు పట్టది?"

"కాలు మడవగలరా?"

మడిచాను. కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. వాటి మధ్యలోంచే ఆయన వైపు చూసి నవ్వాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే. నిజానికి నెల రోజులుగా నిద్ర సరిగా లేదు. తెల్లవారుజామున తుంటి లోపల ఎవరో పళ్ళు పెట్టి కొరుకుతున్నట్టు ఉంటుంది. ఆ మాట పరాయి మనిషికి చెప్పడమేమిటి అనిపించింది.

సర్వపిండి వేడిగా పెట్టాను. తిని, "మా అమ్మ చేసే తపాలా చెక్కలాగే ఉందండీ" అని ఇంకోటి అడిగి వేయించుకున్నాడు. అప్పటికి నాకు కాలు సంగతే గుర్తు లేదు. వాళ్ళమ్మ పేరు, వాళ్ళ ఊళ్ళో కొబ్బరితోటల్ని సముద్రం ఎంత దూరం తినేసిందీ అన్నీ అడిగాను.

వెళ్ళేటప్పుడు ఆయన పరికరాల పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. అతిథి సామాను అతిథే మోసుకుపోతాడా? లాక్కున్నాను. "నేను తీస్కపోత గదనే" అని మా ఆయన లేచాడు. వినలేదు. లిఫ్టు దాకా పెట్టె మోసుకుంటూ వెళ్ళి సాగనంపాను. చంద్రుడి మీద ఆ పెట్టె బరువెంత, నాలుగు కొబ్బరికాయలంత.

తిరిగి వచ్చి మంచం మీద పడ్డాక లేవలేకపోయాను. మా ఆయన నూనె వెచ్చబెట్టి తొడకు రాశాడు. రాస్తూనే, "మంచిగ సాగనంపినవ్" అన్నాడు.

నమోదు 8

కంపెనీ బేరం వచ్చింది. దేవక్క వచ్చి చదివి వినిపించింది. మధ్య మధ్యలో చదవడం ఆపి నా వైపు చూసింది. అలా చూసినప్పుడల్లా నేను తొట్లలో మొక్కల వైపు చూశాను.

కంపెనీ ఇస్తానన్నవి మంచివే. రెండేళ్ళ జీతం ఒకేసారి. బాయి దిగే పని లేకుండా దీపాల గదిలో కూర్చుని చేసే పని, రిటైరయ్యేదాకా. అన్నిటికన్నా మించి పై అంతస్తులో కిటికీ గది. మా పదహారు వందల మందిలో కిటికీ ఉన్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

కిందనే కారణం రాశారు. చంద్రుడి మీద కాలు మోయవలసిన బరువు భూమి మీద మోసేదాంట్లో ఆరో వంతు గనుక, కాలికి జరిగిన నష్టాన్నీ ఆరో వంతుగానే లెక్కగట్టడమైనదట. అందుకు సాక్ష్యంగా, కార్మికురాలు అడిగిన ప్రతిసారీ నొప్పి లేదన్నదని, పరికరాల పెట్టెను సాయం లేకుండా లిఫ్టు వరకు మోసిందని ఉంది.

"నీకు చెప్పిన గదనే మంచం దిగద్దని" అంది దేవక్క.

"ఇంటికొచ్చిన మనిషి అక్కా."

"ఇంటికొచ్చింది మనిషి గాదు, కొలబద్ద. కొలబద్దకు పిండి చేసి పెట్టినవ్."

ఫణీంద్రను తప్పుపట్టలేను. చూసిందే రాశాడు. నేను చూపించిందే చూశాడు.

"అయినా మంచిగనే ఇచ్చిండ్రు గదక్కా" అన్నాను.

దేవక్క అప్పుడు చివరి ముక్క చదివింది. ఈ సంతకంతో ఆ కాలికి సంబంధించిన వైద్యం, ఖర్చు, బాధ్యత ఇక్కడా ఇంకెక్కడా ముగిసినట్టే. తరువాత ఆవిడే విడమరిచి చెప్పింది. ఈ కడ్డీ చంద్రుడి బరువుకు వేసింది. భూమికి దిగితే నన్ను మోయలేదు. అక్కడ మళ్ళీ కోసి, గట్టిది వేసి, నడక నేర్పాలి. అది మా బోటివాళ్ళు సొంతంగా పెట్టుకోగల ఖర్చు కాదు. సంతకం చేసిన తరువాత కంపెనీ పెట్టదు. కింద వైద్యానికి ఎవరి పూచీ లేని విరిగిన కాలుతో దిగే ఓడ ఎక్కించుకోరు.

"అంటే సంతకం పెడితే ఇగ కిందికి పోను" అన్నాను.

"పోవు. పెట్టకపోతే పంచాయితీ నడుస్తది. ఏడాది పట్టొచ్చు. ఓడ నీ కోసం ఆగదు. ఆలోచించుకోనీకి మూడు వారాలిచ్చిండ్రు."

నమోదు 10

కిటికీ గది చూడడానికి వెళ్ళాం. ఊరికే చూస్తే పోయేదేముంది అని మా ఆయన అన్నాడు. చూస్తే ఏం పోతుందో చూశాక తెలిసింది.

గది మా గదికి రెండింతలు. కిటికీ నా ఎత్తు ఉంది. పై అంతస్తు కొండ శిఖరానికి దగ్గర కాబట్టి ఎండ ఎప్పుడూ పక్క నుంచి పడుతూనే ఉంటుంది. దీపం ఎండ కాదు, అసలు ఎండ. నా చేతి నీడ నేల మీద పడింది. దూరంగా కొండల అంచు మీద భూమి సగం కనిపిస్తోంది. నేను అక్కడే ఒక పెట్టె మీద కూర్చుండిపోయాను. అంత హాయిగా కూర్చుని ఎన్నాళ్ళయిందో.

మా ఆయన జానలతో కిటికీ కింద నేల కొలుస్తున్నాడు. "ఈడ మూడు తొట్లు పడతయ్. టమాటలు పెట్టొచ్చు. ఎండకు పండిన టమాట తిని ఎన్నేండ్లయింది?" అన్నాడు. ఆ మనిషి నన్ను ఈ జన్మలో ఏదీ అడగలేదు. ఇప్పుడూ అడగలేదు, ఊరికే కొలుస్తున్నాడు. అందుకే మనసు మెత్తబడింది.

"పెడదామా సంతకం?" అన్నాను.

"నీ కాలు, నీ ఇష్టం" అన్నాడు. జానలు మాత్రం ఆపలేదు.

దారంతా నన్ను నేను సమాధానపరచుకుంటూ వచ్చాను. కింద ఆస్పత్రులున్నాయి, నర్సులున్నారు. ఇక్కడే ఇంకో బాయిలో పనిచేసే అల్లుడు సెలవు పెట్టి కాన్పు నాటికి దిగుతాడు. నేను లేకపోతే పురుడు ఆగుతుందా? ఇంటికి చేరేసరికి సంతకం పెట్టడానికే నిశ్చయించుకున్నాను. మనసులో కిటికీకి తెర కూడా కుట్టేశాను.

నమోదు 11

రవళి డ్యూటీ దిగి వచ్చింది. బేరం సంగతి చెప్పాను. చివరి ముక్కతో సహా చెప్పాను.

"తీస్కోమ్మా. కిటికీ గది ఎవలకు దొరుకుతది? నాయిన ఎంత సంబురపడుతుండో చూడు. నా సంగతి ఆస్పత్రోళ్ళు చూస్కుంటరు" అంది.

అంత తేలిగ్గా అనేసరికి నాకు కోపం వచ్చింది. వద్దనాలని నేను ఎదురుచూస్తున్నానని అప్పుడే తెలిసింది. గిన్నె ముందుకు తోసి, "అయితే నేనొస్తే నీకేం పనిలేదన్నట్టు" అన్నాను.

అది అన్నం కలిపి కలిపి ముద్ద చేసింది. తరువాత తల ఎత్తకుండానే అడిగింది.

"అమ్మా, కింద నిలబడుడు ఎట్లుంటది?"

"ఎట్లుండుడేంది? నిలబడుడే."

"నాకు యాదికి లేదు. నాలుగేండ్లప్పుడు తెచ్చిండ్రు గదా. బరువు చక్రంల మొన్న ఒక్కసారి ఎక్కించిండ్రు, ఎట్లుంటదో చూడమని. లేవలేకపోయిన. నా కాళ్ళు నాయి గావన్నట్టుండె. అప్పుడే గట్లుంటే, కడుపు పెరిగినంక ఎట్ల? ఆడ నాకెవలు తెలుసు? నేను పడితే బిడ్డకేమైతది?"

బరువు చక్రం అంటే మా ఊరి చివర ఉన్న గుండ్రటి పెద్ద గది. అది గిర్రున తిరుగుతుంటే లోపలి వాళ్ళకు భూమి మీద ఉన్నంత బరువు వస్తుంది. దిగబోయేవాళ్ళంతా కొన్ని వారాలు అందులో నిలబడడం, నడవడం మళ్ళీ నేర్చుకోవాలి. రవళిది మళ్ళీ కాదు, మొదటిసారే.

ఇరవై ఆరేళ్ళ పిల్ల. బాయిలో నీళ్ళ పైపు పగిలితే ఒక్కతే మరమ్మతు చేసి వచ్చింది. అలాంటిది నేల మీద నిలబడడానికి భయపడుతోంది. నేను దగ్గరికి తీసుకుంటే చిన్నపిల్లలా ఏడ్చింది. మనసులో కిటికీకి కుట్టిన తెర అక్కడే చించేశాను. సంతకం పెట్టనని మా ఆయనతో చెప్పాను.

ఆయన పీట మీద కూర్చుని చాలాసేపు ఉల్లికాడలకు నీళ్ళు పోశాడు. "కిటికీ ఏడికి పోదు. ఇంకోళ్ళింట్ల ఉంటది. పోయి చూసొద్దాం" అన్నాడు.

నమోదు 13

పెట్టనంటే సరిపోదు. ఏం కావాలో చెప్పాలి. దేవక్క, నేను రోజంతా అదే ఆలోచించాం.

"బాయి పనికి తీస్కున్నప్పుడు నిన్ను ఏడ తూచిండ్రు?" అని అడిగింది ఆవిడ.

"కింద. ఎక్కే ముందు."

"ఒప్పందంల ఏమున్నది?"

"పని అయినంక ఎట్ల తెచ్చిండ్రో అట్ల దించుతమని."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వెంటనే పలకలో ఫణీంద్రను పిలిచాను. "సారూ, నన్ను కింద తూచి ఎక్కించుకున్నరు. దించుతమని మాటిచ్చిండ్రు. ఇప్పుడు నా కాలును పైన తూచితే ఎట్ల? తీస్కునేటప్పుడు ఒక తక్కెడ, ఇచ్చేటప్పుడు ఒక తక్కెడ ఉంటదా? నా కాలును బరువు చక్రంల కొలువుండ్రి" అన్నాను.

ఆయన మా ఒప్పందం తెరిచి చూశాడు. "మీరన్నది సబబేనమ్మా. అలా అడిగే హక్కు మీకుంది. కానీ ముందే చెబుతున్నాను. మళ్ళీ కొలిస్తే పాత బేరం రద్దవుతుంది. కిటికీ గది వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది. చక్రంలో మీరు బాగా నడిచేస్తే, కాలు బాగుందని ఇంతకన్నా తక్కువ వస్తుంది. మరీ నడవలేకపోతే, డాక్టర్లు అసలు దిగడానికే వీల్లేదనవచ్చు. మా అమ్మకైనా ఇదే చెబుతానండీ" అన్నాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. "కొలువుండ్రి" అన్నాను.

నమోదు 17

ఈరోజు కొలిచారు. కుదురుగా రాయడానికి ప్రయత్నిస్తాను.

చక్రంలోకి ఇద్దరమే వెళ్ళాం, నేను, ఫణీంద్ర. అద్దం అవతల దేవక్క, రవళి, ఆస్పత్రి డాక్టరమ్మ. నేను చేయవలసింది చిన్న పని. కుర్చీలోంచి లేచి, కర్ర లేకుండా ఎదుటి గోడ దాకా నడవాలి. నేను లోపలికి వెళ్ళేముందు దేవక్క నా గడ్డం పట్టుకుని, "ఓదమ్మా, గొప్పలకు పోకు. నీ కాళ్ళు మొక్కుత" అంది.

చక్రం తిరగడం మొదలైంది. మొదట చెంపలు బరువెక్కాయి, తరువాత చేతులు. పూర్తి వేగం అందుకునేసరికి నా ఒళ్ళే నా మీద కూర్చున్నట్టుంది. ఇరవై రెండేళ్ళ కింద నేను ఇంత బరువును మోస్తూ నీళ్ళు తెచ్చానా, బస్సులెక్కానా అని ఆశ్చర్యపోయాను. ఫణీంద్ర కూడా పైకి వచ్చి చాలాకాలమైందేమో, కమ్మీ పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు.

లేచాను. ఎడమ కాలు మీద నిలబడ్డాను. కుడి కాలు మోపాను. నొప్పి తుంటి నుంచి నెత్తికి ఎక్కింది. అయినా ఒక అడుగు వేశాను. పళ్ళు బిగించి ఇంకోటి వేశాను. గోడ దగ్గరగానే కనబడుతోంది. పంతం పట్టి నడిచేయగలననిపించింది. బాయిలో ఎన్నిసార్లు జ్వరంతో, ఎన్నిసార్లు వేలు చితికి షిఫ్టు ముగించలేదు? అలవాటైన పనే. చేరాక కూలబడితే పడతాను, ఆయన ముందు మాత్రం పడను.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు ఫణీంద్ర.

మంచిగనే ఉన్నది అనే మాట నాలుక చివరికి వచ్చేసింది. దాన్ని ఎవరూ పిలవనక్కర లేదు, అదే వస్తుంది. అప్పుడు అద్దం అవతల రవళి కనిపించింది. రెండు చేతులూ అద్దానికి ఆనించి, నా మొహం చూడడం లేదు. నా కాళ్ళనే చూస్తోంది. ఈ బరువులో ఎట్లా నడవాలో నన్ను చూసి నేర్చుకుంటోంది.

"లేదు సారూ" అన్నాను. "నొస్తుంది. మస్తు నొస్తుంది. రాత్రి నిద్ర పడతలేదు. ఈ కాలు మీద నేను నిలబడలేను."

అనేసి, అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఏడుపు ఆగలేదు. టబ్బు తగిలిన రోజు కూడా ఇంత ఏడవలేదు. సిగ్గుగా ఉంది, మళ్ళీ ఏదో బరువు దించుకున్నట్టూ ఉంది. ఫణీంద్ర మెల్లగా కమ్మీ వదిలి నా పక్కనే చతికిలబడ్డాడు.

"నాకూ ఇందాకటి నుంచి కూర్చోవాలనే ఉందండీ" అని, ఒళ్ళో పలక పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు.

నమోదు 20

కొత్త బేరం వచ్చింది. దేవక్క ఈసారి ఆగకుండా చదివింది.

కిటికీ గది లేదు. దీపాల గది పని తిరిగి వచ్చాక చూద్దాం అన్నారు. అంటే నమ్మకం లేదన్నమాటే. ఒకేసారి ఇచ్చే జీతం సగానికి తగ్గింది. కానీ కాలు సంగతి ముగియలేదు. ఇక్కడైనా భూమి మీదైనా, నేను బతికున్నంత కాలం, దానికి ఏ వైద్యం కావాలన్నా కంపెనీదే. కింద మళ్ళీ కోసి గట్టి కడ్డీ వేయిస్తారు. అది అయ్యేదాకా అక్కడ చక్రాల కుర్చీ.

దిగనిస్తారా లేదా అన్నది డాక్టరమ్మ చేతిలో ఉంది. ఆమె నిన్న నన్ను పిలిపించుకుంది. "కూర్చుని దిగొచ్చు. నిలబడి దిగాలని ఎక్కడా రాసి లేదు" అంది. ఆపరేషను, నడక నేర్పడం అయ్యేసరికి రవళి బిడ్డకు మూడో నెల వచ్చేస్తుందట. అంటే కాన్పు నాటికి నేను కుర్చీలోనే ఉంటాను. పురుడు చేయవలసిన తల్లికే పురుడు చేయవలసి వస్తుందేమో.

ఆ మాటే రవళితో అన్నాను. "నీళ్ళు పోయలేను, బాలింతకు పథ్యం వండి పెట్టలేను. ఊరికే కూసుండే తల్లి నీకెందుకే?"

"ముందు సంతకం పెట్టు" అంది.

పెట్టాను. సాయంత్రం మా ఆయన పాయసం చేశాడు. తీపి సరిపోయింది. ఆయన మాతో రావడం లేదు, షిఫ్టు వదలడానికి లేదు. ఏడాది పైనే ఒక్కడే ఉండాలి. "ఉల్లికాడలున్నయ్ గద" అన్నాడు. తిన్న గిన్నెలు ఈ పూట నేనే కడుగుతానంటే కడగనివ్వలేదు.

ఇంతకూ నేను సంతోషంగానే ఉన్నాను. దేవక్క నిజమే రాయమంది కాబట్టి రాస్తున్నాను.

నమోదు 31

చక్రంలో సాధన మొదలై వారం దాటింది. నా కోసం భూమి బరువుకు సరిపోయే చక్రాల కుర్చీ తయారుచేయించారు. ఇనుముతో చేసింది, మొద్దుగా ఉంటుంది. నేను అందులో కూర్చుని చేతులు ఎత్తడం, దించడం, మెడ నిలపడం నేర్చుకుంటున్నాను. రవళి పక్కన కమ్మీ పట్టుకుని నిలబడడం నేర్చుకుంటోంది. దాని కడుపు కాస్త బయటపడింది.

నిన్నటి వరకు కమ్మీ వదలలేదు. వదలమంటే చాలు, కూర్చుండిపోయేది. నేర్పే అమ్మాయి ఎంత బతిమాలినా అంతే. నాకు లేచి వెళ్ళి దాని నడుం పట్టుకోవాలని ఉండేది. లేవలేను. నోటితో ఎంత ధైర్యం చెప్పినా నోటి ధైర్యం నోటిదే.

ఈరోజు పొద్దున నా కుర్చీ కమ్మీకి దగ్గరగా ఉంది. రవళి ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేయి ఎందుకో నా కుర్చీ వెనక పిడి మీద వేసింది. కుర్చీ కదలలేదు. దాన్ని అటూ ఇటూ ఊపి చూసింది. అప్పుడూ కదలలేదు. కమ్మీ మీది చేయి తీసి, అది కూడా తెచ్చి పిడి మీద వేసింది. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే భయపడుతుందేమోనని ఊపిరి కూడా మెల్లగా పీల్చాను.

నా కుర్చీ ముందుకు కదిలింది. కొంచెం కదిలి ఆగింది. మళ్ళీ కదిలింది. వెనక దాని అడుగుల చప్పుడు వినిపించింది. చంద్రుడి మీద పెరిగిన పిల్ల అడుగుల చప్పుడు చేయడం నేను ఎన్నడూ వినలేదు. గది చుట్టూ సగం దూరం వచ్చాం. అది రొప్పుతోంది, నవ్వుతోంది కూడా.

"పడతలేవు" అన్నాను.

"నువ్వు బరువున్నవ్ గదా, అందుకే పడతలేను" అంది. "కదలకు అమ్మా. గట్టిగ కూసో."

నేను గట్టిగా కూర్చున్నాను.